200 గజాల స్థలానికి కంచె: జాలీనా, ప్రీకాస్టా, గోడా? ఖర్చు లెక్క

కంచె వేయించాలని అడగ్గానే కాంట్రాక్టరు నోట వచ్చే మొదటి మాట "రన్నింగ్ ఫీటుకు (కంచె పొడవులో ఒక్కో అడుగుకు) ఇంత". జాలీకి ఒక రేటు, ముందే పోసి తెచ్చే కాంక్రీటు పలకల ప్రీకాస్ట్‌కు దానికి రెట్టింపు, ఇటుకల గోడకు నాలుగైదు రెట్లు. మూడు అంకెలూ పక్కపక్కన రాసుకుంటే ఎంపిక తేలికే అనిపిస్తుంది. కడీ (కంచె నిలబెట్టే రాతి స్తంభం) ఎంత లోతుకు దిగుతుంది, తీగ మీద జింకు పూత ఎంత ఉంది, పునాది పక్కవాళ్ల స్థలంలోకి పోతుందా, వాన నీరు ఎటు పోతుంది అన్నవి మాత్రం ఆ రేటులో ఎక్కడా కనిపించవు. కంచె ఒరిగేదీ, తుప్పు పట్టేదీ, కోర్టుకెక్కేదీ ఈ కనపడని చోట్లే. అందుకే బడ్జెట్ లెక్కను నేల కింద నుంచి మొదలుపెట్టాలి.

లెక్క కోసం ఒక మామూలు స్థలం తీసుకుందాం. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు, అంటే 1,800 చదరపు అడుగులు, 200 గజాలు. 30 అడుగుల వైపు రోడ్డు ఉంది. ఒక మూలకు ఆనుకుని 12 అడుగుల గేటు పెడతారు. చుట్టుకొలత 180 అడుగులు, గేటు పోను కంచె 168 అడుగులు. ఎత్తు 5 అడుగులు. గేటు ఖర్చు ఏ పద్ధతికైనా ఒకటే కాబట్టి దాన్ని పక్కన పెట్టాం. ఇక్కడ రాసిన పరిమాణాలు ఎర్ర నేల, మొరం ఉన్న ఏ ఊరికైనా సరిపోతాయి. ధరలు మాత్రం లెక్క చూపడానికి పెట్టుకున్నవే, వాటి చోట మీ ఊరి ధరలు వేసుకోండి.

విస్తీర్ణం చూసి కంచె పొడవు అంచనా వేయకూడదు. ఎకరం పొలం చదరంగా ఉంటే చుట్టూ సుమారు 835 అడుగులు. అదే ఎకరం 100 అడుగుల వెడల్పుతో రోడ్డు నుంచి లోపలికి సాగిపోతే 1,071 అడుగులు. నేల అంతే అయినా కంచె ఖర్చు పావు వంతుకు పైగా పెరుగుతుంది.

హద్దు తేలాకే గుంత

మొదటి ఖర్చు సర్వేయరుది. చాలామంది దాన్ని మిగుల్చుకోవాలని చూస్తారు, తర్వాత దానికి వంద రెట్లు పోగొట్టుకుంటారు. లేఅవుట్ ప్లాటైతే లేఅవుట్ కాపీ, రిజిస్ట్రేషన్ దస్తావేజులోని కొలతలు, నేల మీది హద్దు రాళ్లు మూడూ కలవాలి. పొలమైతే ఆంధ్రప్రదేశ్‌లో ఎఫ్-లైన్ (పొలం హద్దు కొలిచే) దరఖాస్తు, తెలంగాణలో మీసేవ ద్వారా సర్వే దరఖాస్తు పెట్టుకుని కొలిపించాలి. ఆ రోజు పక్క స్థలాల వాళ్లను పిలిచి, వాళ్ల ఎదుటే రాళ్లు పాతించడం మంచిది. ఆ అరగంట మర్యాద తర్వాతి పదేళ్ల తగాదాను ఆపుతుంది.

నాలుగు వైపులా కొలతలు సరిపోయినా స్థలం వంకరగా ఉండొచ్చు. మూల నుంచి మూలకు టేపు పట్టి చూడాలి. 30×60 స్థలం మూలమట్టంగా ఉంటే రెండు కర్ణాలూ 67 అడుగుల 1 అంగుళం రావాలి. ఒకటి 68, ఇంకొకటి 66 వస్తే నూలు కట్టే ముందే ఆగి, వంకర ఎటువైపు ఉందో తేల్చుకోవాలి.

గోడ తినే నేలను ఎవరూ ఖర్చులో రాయరు. 9 అంగుళాల గోడ 168 అడుగుల పొడవున 126 చదరపు అడుగులు ఆక్రమిస్తుంది, అంటే 14 గజాలు. 6 అంగుళాల గోడైతే 9 గజాల పైచిలుకు. గజం 20,000 రూపాయలున్న చోట 14 గజాల విలువ 2,80,000. గోడ కట్టడానికయ్యే ఖర్చుతో పోటీ పడే మొత్తమిది! పక్కవాళ్లూ ఇల్లు కట్టబోతుంటే హద్దు మీద సగం సగంగా ఒకే గోడ కట్టుకోవడం ఇద్దరికీ లాభం. నేలలో సగం మిగులుతుంది, ఆ వైపు ఖర్చులోనూ సగం మిగులుతుంది. నోటి మాట మీద కాకుండా స్టాంపు కాగితం మీద రాసుకుని, గోడ మధ్యగీతే హద్దు అని స్పష్టంగా పెట్టుకోవాలి.

జాలీ: బరువు చూసి కొనాల్సిన సరుకు

ఇల్లు కట్టడానికి ఇంకా కొన్నేళ్లు పట్టే ఖాళీ ప్లాటుకు, పెరటికి, కొబ్బరి తోటకు చైన్‌లింక్ జాలీ చాలు. అయితే ఇందులో జరిగినంత మోసం మిగతా వాటిలో జరగదు. దానికి కారణం గేజ్ లెక్క. గేజ్ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. 8 గేజ్ తీగ మందం సుమారు 4 మిల్లీమీటర్లు, 10 గేజ్ 3.25, 12 గేజ్ 2.64, 14 గేజ్ 2 మిల్లీమీటర్లు. కంటికి 10 గేజ్‌కూ 12 గేజ్‌కూ పెద్ద తేడా తెలియదు. బరువులో మాత్రం మూడో వంతు తేడా ఉంటుంది.

3 అంగుళాల గడి ఉన్న 10 గేజ్ జాలీ చదరపు అడుగుకు 165 గ్రాముల దాకా తూగుతుంది. 12 గేజ్ 110 గ్రాముల దగ్గర ఆగుతుంది. అంటే 5 అడుగుల ఎత్తు, 50 అడుగుల పొడవున్న చుట్ట 10 గేజ్ అయితే 40 కిలోలకు పైన, 12 గేజ్ అయితే 27 కిలోల చుట్టుపక్కల ఉండాలి. చదరపు అడుగు లెక్కన బేరం చేసినా సరే, ఒక చుట్టను కాటా మీద పెట్టించండి. 10 గేజ్ అని చెప్పి 12 గేజ్ ఇస్తే అక్కడే దొరికిపోతుంది. గడి 2 అంగుళాలకు తగ్గితే అదే గేజ్‌లో బరువు ఒకటిన్నర రెట్లవుతుంది, ఖర్చూ అంతే. కుక్కలు, పందులు, కోళ్లు దూరకుండా ఉండాలంటే 2 అంగుళాల గడి కావాలి. మనుషులు, పశువులు రాకుండా ఉంటే చాలనుకుంటే 3 అంగుళాలు సరిపోతుంది.

పచ్చ రంగు ప్లాస్టిక్ పూత జాలీ చూడ్డానికి లావుగా కనిపిస్తుంది. అమ్మేవాళ్లు చెప్పే గేజ్ తరచూ ప్లాస్టిక్‌తో కలిపి చెప్పేదే. పూత గీకి, లోపలి ఇనుప తీగను వెర్నియర్‌తో కొలిచి చూస్తే అది 12 గేజో, 14 గేజో తేలుతుంది. బలమంతా ఆ లోపలి తీగదే. పూత చేసే పని తుప్పును ఆలస్యం చేయడం వరకే.

జాలీ ఎన్నేళ్లు నిలుస్తుందన్నది జింకు పూతను బట్టి ఉంటుంది. చదరపు మీటరుకు 40–60 గ్రాముల జింకున్న తీగ, 200 గ్రాములకు పైగా ఉన్న తీగ అంగట్లో ఒకే రకంగా మెరుస్తాయి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఉప్పు గాలిలో పలుచని పూత మూడు నాలుగు వానాకాలాలకే ఎర్రబారుతుంది. జాలీకి ఐఎస్ (భారతీయ ప్రమాణం) 2721, తీగ మీద పూతకు ఐఎస్ 4826, ముళ్ల తీగకు ఐఎస్ 278 ప్రమాణాలున్నాయి. బిల్లు మీద గేజ్‌తో పాటు జింకు గ్రాములు కూడా రాయించుకోవాలి. మందపు పూతకు కిలోకు పాతిక రూపాయలు ఎక్కువైనా, మన 168 అడుగుల కంచెకు పెరిగేది 3,500 రూపాయలే. తీరంలో ఉన్నవాళ్లకు ఇంత లాభసాటి ఖర్చు మరొకటి లేదు.

ఇక కడీలు. తెలంగాణలో కడీలనీ, కోస్తాలో రాతి స్తంభాలనీ అనే ఈ గ్రానైటు రాళ్లు తుప్పు పట్టవు, చెదలు తినవు, జాలీ మూడుసార్లు మారినా అవే పనికొస్తాయి. వీటి లోపం ఒక్కటే, పక్క నుంచి దెబ్బ తగిలితే విరుగుతాయి. ట్రాక్టరు తొట్టి తగిలినప్పుడు నేల మట్టం దగ్గర పుటుక్కున పోతుంది. సిమెంటు స్తంభాల కష్టం వేరే. లోపలి తీగలు అంచుకు మరీ దగ్గరగా ఉంటే తేమ చేరి తుప్పు పట్టి ఉబ్బుతాయి, స్తంభం నిలువునా చీలుతుంది. కొనే ముందు యార్డులో విరిగిపోయి పడున్న స్తంభాన్ని చూడండి. లోపల ఎన్ని తీగలున్నాయో, చుట్టూ కాంక్రీటు ఎంత మందముందో అదే చెబుతుంది.

అందరూ చేసే పొరపాటు పొడవు దగ్గర. 5 అడుగుల జాలీకి 6 అడుగుల కడీ కొంటారు. నేలలోకి ఒక్క అడుగే దిగుతుంది, మొదటి వానకు మూల కడీలు లోపలికి వాలతాయి. రెండు అడుగులు నేలలో, ఐదు అడుగులు జాలీ, పైన రెండు వరుసల ముళ్ల తీగకు ఒక అడుగు, మొత్తం 8 అడుగుల కడీ కావాలి.

ఎన్ని కావాలో చూద్దాం. 60 అడుగుల వైపులు రెండింటికీ ఏడున్నర అడుగులకొకటి చొప్పున ఎనిమిదేసి ఖాళీలు, వెనక 30 అడుగులకు నాలుగు, ముందు 18 అడుగులకు రెండు. మొత్తం 22 ఖాళీలు, 23 కడీలు. వీటికి సాయం కడీలు కలపాలి. లాగి కట్టిన జాలీ ఈడ్పంతా మూలల మీదే పడుతుంది కాబట్టి, మూడు మూలలకూ రెండేసి, గేటు పక్క రెండు చివరలకూ ఒక్కోటి, పొడవు వైపుల మధ్యలో రెండేసి చొప్పున ఏటవాలుగా 12 పడతాయి. అంతా కలిపి 35. కొటేషన్లలో ఈ 12 తరచుగా ఉండవు, "అవసరమైతే వేద్దాం" అంటారు. అవసరం ఎప్పుడూ ఉంటుంది. గేటును మాత్రం ఎప్పుడూ కడీకి వేలాడదీయకండి, దానికి వేరే కాంక్రీటు పిల్లరో, మందపాటి ఇనుప పైపో ఉండాలి.

ఒక్కో గుంత అడుగు వెడల్పు, అడుగు పొడవు, రెండడుగుల లోతు. రాయి తీసేస్తే గుంతకు దాదాపు 1.65 ఘనపుటడుగుల కాంక్రీటు పడుతుంది, 35 గుంతలకు 58 ఘనపుటడుగులు. ఒకటికి మూడు ఇసుక, ఆరు కంకర చొప్పున కలిపితే 8 బస్తాల సిమెంటు సరిపోతుంది. గుంతలో రాళ్లు పోసి పైన కాస్త సిమెంటు చల్లి మూసేస్తే అది కాంక్రీటు కాదు. పని జరిగే రోజు అక్కడ ఉండాల్సింది ఆ గంటే.

ఇప్పుడు ఖర్చు. కడీ 400 చొప్పున 14,000. జాలీ 840 చదరపు అడుగులు, 140 కిలోలు, కిలో 95 చొప్పున 13,300. పైన, మధ్యలో, కింద మూడు వరుసలుగా లాగే 8 గేజ్ తీగ 16 కిలోలు, 1,520. ముళ్ల తీగ కిలోకు 28–30 అడుగులు వస్తుంది, 336 అడుగులకు 12 కిలోలు, 1,200. సిమెంటు 2,800, ఇసుక, కంకర రవాణాతో 4,500, కట్టుతీగ 400, కడీల రవాణా, దింపుడు 3,000, కూలి అడుగుకు 45 చొప్పున 7,560. కూడితే 48,280. అడుగుకు 287 రూపాయలు.

పని క్రమంలో ఒక తప్పు దాదాపు అందరూ చేస్తారు. పొద్దున కడీలు పాతి, సాయంత్రానికే జాలీ లాగుతారు. కూలీలకు మళ్లీ రావడం గిట్టదు, యజమానికి రెండో రోజు కూలి ఇవ్వడం గిట్టదు. పచ్చి కాంక్రీటులో కడీ కదిలిపోతుంది, తర్వాత ఎంత నీళ్లు పట్టినా ఆ పట్టు తిరిగి రాదు. ముందు మూలవి, చివరివి పాతి నూలు కట్టి, మధ్యవి ఆ నూలుకు నిలబెట్టి, వారం రోజులు తడిపి, ఆ తర్వాతే మూడు తీగలూ లాగి, వాటికి జాలీ కట్టాలి. కట్టుతీగ జింకు పూతదే వాడాలి. రాడ్లు కట్టే నల్ల తీగ వాడితే జాలీ బాగానే ఉంటుంది, కట్లు ఒక్కొక్కటే తెగిపోతాయి.

ప్రీకాస్ట్: త్వరగా లేస్తుంది, జాగ్రత్త తక్కువైతే త్వరగా ఒరుగుతుంది

హైదరాబాద్ చుట్టుపక్కల వెంచర్లలో ఎటు చూసినా కనిపించేది ఇదే. గాడి ఉన్న పిల్లర్లను 6 లేదా 7 అడుగులకొకటి నిలబెట్టి, అడుగు ఎత్తున్న కాంక్రీటు పలకలను పై నుంచి గాడిలోకి జారుస్తారు. మన స్థలానికి 7 అడుగుల ఖాళీలైతే 25 పిల్లర్లు, ఐదేసి పలకల చొప్పున 120 పలకలు. మూలల్లో కొలత కుదరని చోట పలక కోయాల్సి వస్తుంది, ఐదారు పలకలు, రెండు పిల్లర్లు అదనంగా తెప్పించుకోవాలి. పలక 7 అడుగుల పొడవు, 2 అంగుళాల మందం ఉంటే దాదాపు 80 కిలోలు. ఇద్దరు మనుషులు ఎత్తగలరు, లారీ మాత్రం స్థలం దగ్గరి దాకా రావాలి. లారీ దూరని సందుల్లో మోత కూలే రేటును మార్చేస్తుంది.

అన్నీ కలిపి చదరపు అడుగుకు 100 రూపాయలనుకుంటే 840 అడుగులకు 84,000, అంటే రన్నింగ్ ఫీటుకు 500. రెండు మూడు రోజుల పని. నేల కూడా తక్కువే తింటుంది. రేపు ఇల్లు కట్టేటప్పుడు ఒక వైపు విప్పి సామాను లోపలికి తెచ్చుకుని, మళ్లీ పెట్టుకోవచ్చు. ఖాళీ ప్లాటును కాపాడుకోవడానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదని గట్టిగానే చెప్పొచ్చు.

ఒరగడానికి కారణం ఎప్పుడూ పిల్లరే. 7 అడుగుల పిల్లర్‌లో 2 అడుగులు నేలలో ఉంటే గోడ 5 అడుగులు. "6 అడుగుల గోడ ఇస్తాం" అంటూ అదే పిల్లర్‌ను అడుగు లోతులో పాతేవాళ్లున్నారు. కొటేషన్‌లో గోడ ఎత్తుతో పాటు పిల్లర్ మొత్తం పొడవు కూడా రాయించాలి. ఇంకో తప్పు గోడకు ఆనించి మట్టి పోయడం. స్థలం రోడ్డు కంటే పల్లంగా ఉందని మొరం నింపి, ఆ బరువును 2 అంగుళాల పలకల మీదకు నెట్టేస్తారు. పలక మధ్యలో నిలువుగా చీలుతుంది. అడుగు మించి మట్టి నింపాల్సి వస్తే ఆ వైపు రాతి కట్టడమో, కాంక్రీటు గోడో కట్టాలి, ప్రీకాస్ట్ పనికిరాదు.

ఇటుకల ప్రహరీ

ఇల్లు కట్టి కాపురం ఉండేవాళ్లు చివరికి చేరేది గోడ దగ్గరికే. ఇక్కడ 16×8×6 అంగుళాల సాలిడ్ సిమెంటు బ్లాకులతో, 10 అడుగులకొక 9×9 కాలమ్‌తో, ప్లింత్ బీమ్ (కాలమ్‌లను నేల మట్టం దగ్గర కలిపే కాంక్రీటు దూలం) మీద కట్టే గోడ లెక్క చూద్దాం.

100 చదరపు అడుగులకు 113 బ్లాకులు పడతాయి. 840 చదరపు అడుగులకు విరుగుడు కలిపి 985. కాలమ్‌లు 18. ఒక్కోదాని కింద రెండున్నర అడుగుల చదరపు పునాది, 9 అంగుళాల మందం. కాలమ్‌లు, పునాదులు, బీమ్ కలిపి 270 ఘనపుటడుగుల కాంక్రీటు, దానికి 60 బస్తాల పైచిలుకు సిమెంటు. కట్టుడుకు, రెండు వైపుల ప్లాస్టింగ్‌కు, పునాది కింది పరుపుకు కలిపి మరో 30. మొత్తం 90 బస్తాలు. ఊస (ఇనుప రాడ్ల) బరువును మేస్త్రీ నోటి లెక్కకు వదలకుండా స్వయంగా చూసుకోవచ్చు. రాడ్ మందాన్ని మిల్లీమీటర్లలో వర్గం చేసి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 10 మిల్లీమీటర్ల రాడ్ 0.617 కిలోలు, 8 మిల్లీమీటర్లది 0.395. కాలమ్‌కు నాలుగు 10 మిల్లీమీటర్ల రాడ్లు, 6 అంగుళాలకొక రింగు, పునాది జాలీ కలిపి 17 కిలోలు, 18 కాలమ్‌లకు 306. 168 అడుగుల బీమ్‌కు 230 దాకా. మొత్తం 540 కిలోలు.

బ్లాకు 42 చొప్పున 41,000, సిమెంటు బస్తా 350 చొప్పున 31,500, ఊస కిలో 62 చొప్పున 33,500, రోబో శాండ్ 17,000, కంకర 11,000. సామాను 1,34,000. తవ్వకం, మేస్త్రీ, కూలి 70,000. రెండు వైపులా రంగు 20,000. మొత్తం 2,24,000, అడుగుకు 1,333 రూపాయలు. పాత అంచనా కాగితాలు చేతిలో ఉంటే ఒకటి గమనించండి. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం బదులు 18 శాతమైంది.

ఖర్చు తగ్గించుకోవడానికి మొదట కోత పడేది ప్లింత్ బీమ్ మీద, కాలమ్ లోతు మీద. అక్కడ మిగిలేది 30,000–40,000. పోయేది గోడంతా. కోయాలంటే ఎత్తు కోయండి, రోడ్డు వైపు తప్ప మిగతా మూడు వైపులా 4 అడుగుల గోడ కట్టి పైన అడుగు జాలీ పెట్టుకోండి. బయటి వైపు ప్లాస్టింగ్‌కు నునుపు అక్కర్లేదు. కానీ ఆ ప్లాస్టింగ్ ఇప్పుడే చేయించాలి, పక్కవాళ్లు ఇల్లు లేపాక ఆ వైపు మనిషి దూరే సందు ఉండదు.

హద్దు మీద గోడ కట్టేటప్పుడు పునాది ఒక చిక్కు తెస్తుంది. రెండున్నర అడుగుల పునాది మధ్యలో 9 అంగుళాల కాలమ్ నిలబెడితే, అటువైపు పదిన్నర అంగుళాలు పక్క స్థలంలోకి చొచ్చుకుపోతుంది. నేల పైన గోడ మన హద్దులోనే ఉన్నా, నేల కింద ఆక్రమణ జరిగినట్టే. పక్కవాళ్లు తమ పునాది తవ్వుకునే రోజు అది బయటపడుతుంది. కాలమ్‌ను పునాది అంచున నిలిపి, లోపలి వైపు బీములతో కట్టే పద్ధతి ఉంది. దానికి ఊస పెరుగుతుంది, డ్రాయింగ్ ఇంజనీరు చేతే వేయించాలి. పక్కవాళ్లతో కలిసి ఉమ్మడి గోడ కట్టుకుంటే ఈ చిక్కే ఉండదు.

నేల, నీరు, గాలి

పై లెక్కలన్నీ ఎర్ర నేలకూ, మొరానికీ సరిపోతాయి. నల్లరేగడిలో ఇవి మారతాయి. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించి నెర్రెలిస్తుంది. ఈ కదలిక పది పన్నెండు అడుగుల లోతు దాకా ఉంటుంది. రెండడుగుల లోతు కడీ ఏడాదికి అంగుళం చొప్పున ఒరిగినా జాలీ సర్దుకుంటుంది, మళ్లీ లాగి కట్టుకోవచ్చు. గోడ సర్దుకోదు. మెట్లు మెట్లుగా పగులుతుంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్ఐ) ఇలాంటి నేలల కోసమే అండర్‌రీమ్డ్ పైల్ పద్ధతిని అభివృద్ధి చేసింది. అడుగున ఉబ్బెత్తుగా ఉండే పైల్‌ను కదలని పొర దాకా దించి, పైన బీమ్‌ను నేలకు తగలకుండా నాలుగైదు అంగుళాల ఖాళీతో పోస్తారు. అంత ఖర్చు పెట్టలేని చోట రేగడిలో గోడ బదులు జాలీ వేసుకోవడమే తెలివైన పని.

నీటి సంగతి ప్రాణాల మీదకు వచ్చే విషయం. 2024 మే 7న హైదరాబాద్ బాచుపల్లిలో వానకు రిటైనింగ్ గోడ కూలి ఏడుగురు చనిపోయారు. 2025 ఏప్రిల్ 30న సింహాచలంలో వానకు గోడ కూలి భక్తులు చనిపోయారు. ప్రహరీ గోడ తన బరువు మోయడానికి కట్టేది, తడి మట్టినీ నిలిచిన నీటినీ ఆపడానికి కాదు. పై నుంచి నీరు వచ్చే వైపు నేల మట్టానికి కాస్త పైన 6–8 అడుగులకొక 3 అంగుళాల పైపు రంధ్రం వదలాలి. ఒక్కోదానికి 50 రూపాయలు కూడా కాదు. వదలని గోడలే ఎక్కువ కనిపిస్తాయి, అది బాధాకరం.

గాలిని లెక్కలోకి తీసుకునేవాళ్లు మరీ తక్కువ. ఐఎస్ 875 ప్రకారం ప్రాథమిక గాలి వేగం హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, విజయవాడ, విశాఖపట్నాలకు 50. ఒత్తిడి వేగ వర్గంతో పెరుగుతుంది కాబట్టి తీరంలో అది దాదాపు 30 శాతం ఎక్కువ. సెకనుకు 50 మీటర్ల గాలి 10 అడుగుల పొడవు, 5 అడుగుల ఎత్తున్న గోడ భాగాన్ని దాదాపు 700 కిలోల బలంతో నెడుతుంది. ఇటుకల గోడకు సొంత బరువైనా ఉంది, రంగు రేకుల కంచెకు అదీ లేదు. రేకు చవకగా వస్తుంది, పూర్తి చాటు ఇస్తుంది, తుపానుకు తెరచాపలా పనిచేస్తుంది. తీరంలో రేకుల కంచె వేయాల్సే వస్తే ఇనుప స్తంభాలు 6 అడుగులకొకటి, మూడడుగుల లోతు కాంక్రీటులో ఉండాలి. అంత ఖర్చు పెట్టాక అది చవక కంచె కాదు. జాలీ గుండా గాలి పోతుంది, తుపాను ప్రాంతంలో దానికున్న గొప్ప అదే.

తాండూరు, బేతంచెర్ల, కడప చుట్టుపక్కల వాళ్లకు ఇంకో దారి ఉంది. నాపబండలను నిలువుగా పాతి, సందుల్లో సిమెంటు నింపడం. 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అంగుళాల మందం ఉన్న బండ దాదాపు 150 కిలోలు. రెండడుగులు నేలలో పోతే నాలుగడుగుల గోడ మిగులుతుంది. 168 అడుగులకు 84 బండలు, 12 టన్నులకు పైన. గని దగ్గర ఇంత చవకైన గట్టి కంచె లేదు, నూరు కిలోమీటర్లు దాటితే లారీ బాడుగే దాని చవకను మింగేస్తుంది.

తాటాకు దడి, వెదురు తడిక, తుమ్మ కంప ఏడాదికో రెండేళ్లకో మార్చాల్సినవి. ఒక్క పంట కాలానికి చాలు. జీవ కంచె సంగతి అలా కాదు. రెండడుగులకొక వాక్కాయ మొక్క చొప్పున 84 మొక్కలు చాలు, మూడేళ్లలో ముళ్లతో కమ్ముకుని మనిషి దూరలేని గోడవుతుంది, కాయలు పచ్చడికొస్తాయి. ఆ మూడేళ్లూ నీళ్లు, మేకల నుంచి కాపలా కావాలి. జాలీ వేసినప్పుడే దాని లోపలి వైపు వాక్కాయ నాటితే, జాలీ తుప్పు పట్టే వేళకు కంచె పని మొక్కలే చూసుకుంటాయి. ఈ జోడీని ఇంత తక్కువగా వాడటం ఆశ్చర్యమే.

ఏడాది లెక్క

మొదటి ఖర్చు పక్కన పెట్టి ఇరవై ఏళ్లు చూస్తే బొమ్మ మారుతుంది. జాలీ పదేళ్లకు పోయినా కడీలూ గుంతలూ అలాగే ఉంటాయి. రెండోసారి జాలీ, తీగలు, కూలి కలిపి 21,500 దగ్గర తేలుతుంది. ఇరవై ఏళ్లకు 70,000, ఏడాదికి 3,500. ప్రీకాస్ట్ 84,000 ఇరవై ఏళ్లకు పంచితే ఏడాదికి 4,200. అంటే ఈ రెండింటి మధ్య ఏడాదికి 700 రూపాయల తేడానే, కాబట్టి చాటు కావాలా వద్దా అన్నదాన్ని బట్టే తేల్చుకోవచ్చు. ముప్పై ఏళ్లు నిలిచే గోడకు ఏడాదికి 7,500, ఐదేళ్లకోసారి రంగుకు ఏడాదికి 4,000 కలిపితే 11,500. కానీ జాలీ లెక్కంతా కడీలు పదేళ్ల తర్వాత కూడా నిటారుగా ఉంటేనే నిలుస్తుంది. అడుగు లోతు కడీలతో వేసిన కంచెకు రెండోసారి అయ్యేది 21,500 కాదు, మళ్లీ 48,000.

ఏ పద్ధతి ఎంచుకున్నా అంచనా మీద పది శాతం చేతిలో ఉంచుకోవాలి. తవ్వుతుంటే బండ తగలొచ్చు, పాత బావి పూడ్చిన మెత్తటి మట్టి తగలొచ్చు, అప్పుడు ఒక్క మూల గుంతే నాలుగు గుంతల ఖర్చు తింటుంది. కాంట్రాక్టు కాగితం మీద ఉండాల్సినవి: పిల్లర్ లేదా కడీ మొత్తం పొడవు, గుంత లోతు, కాంక్రీటు పాళ్లు, తీగ గేజ్ బరువుతో సహా, సాయం కడీల సంఖ్య, రవాణా ఎవరిది, తవ్విన మట్టి ఎవరు తీయాలి, ప్లాస్టింగ్ ఒక వైపా రెండు వైపులా. డబ్బును పొడవు లెక్కన కాకుండా దశల వారీగా ఇవ్వండి. గుంతలన్నీ తవ్వి, కాంక్రీటు పోయకముందు ఒక్కో గుంతలో టేపు నిలబెట్టి ఫొటో తీసుకున్నాకే మొదటి విడత, కాంక్రీటుకు వారం తడి పట్టాక రెండోది. చివరి పది శాతం మొదటి గట్టి వాన పడి, మూల కడీలు నూలుకు నిటారుగా ఉన్నాయని చూసుకున్న తర్వాత.